ఇరవై ఒక్క నీళ్ళు

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. బయట సన్నని తుంపర, గాలి లేదు, కిటికీ చట్రానికి అవతల బిగించిన ఉష్ణమాపకంలో ఎర్రగీత పంతొమ్మిది దగ్గర నిలబడి ఉంది. ఎనిమిదిన్నరకు నా చెల్లెలిని లోపలికి తీసుకుపోతారు. అంటే డెబ్భై నిమిషాలు. అందులో మొదటి పదీ వాసనలను విడదీయడంలోనే ఖర్చుపెట్టాను, ఎందుకంటే ఒకదానిమీద ఒకటి పేరుకున్న వాసనలను విడివిడిగా గుర్తుపట్టగలిగితే వాంతి రాదని ప్రయోగశాలలో చేరిన కొత్తలోనే నేర్చుకున్నాను: నేల తుడిచిన మందుది, నిమ్మకాయను జన్మలో చూడని మనిషి ఊహించి తయారుచేసిన నిమ్మవాసన. గోడపక్క యంత్రం అట్టకప్పుల్లోకి ఉమ్మే కాఫీది, మాడిన అట్ట వాసన. కుర్చీల రెగ్జినుది, ఇక్కడ కూర్చుని భయపడిన వాళ్ళందరి చెమట. ఎడమపక్క కుర్చీలో ఒక లావాటి మనిషి గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. టక్కుమంటుంది, ఒక నెలవంక ఎగిరి నేలమీద పడుతుంది, అతను దాన్ని చెప్పుతో కుర్చీ కిందికి తోస్తాడు, మళ్ళీ టక్కు. నాలుగో నెలవంక నా చెప్పు మొనమీద పడింది. కాలు విదిలించాను, అది పోలేదు. కుడిపక్క నా చెల్లెలు, ఆసుపత్రివాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌనులో, కట్టు కట్టిన కుడి మణికట్టును చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, నర్సుతో పరాచికాలాడుతోంది.

"అక్కా, మొహం అలా పెట్టకే. కోసేది నన్ను, నిన్ను కాదు."

"వాసన."

"నీకు పుట్టిన దగ్గర్నుంచీ వాసనే. ఇదిగో నర్సమ్మా, నాకు పెట్టబోయే గొట్టం ఉంది చూడు, అది కనిపెట్టింది మా అక్కే. సొంత అక్క. నమ్మకపోతే ముక్కులు చూసుకో, ఒకే అచ్చు."

నర్సు నా ముక్కు చూసింది, తరవాత చెల్లెలి ముక్కు చూసింది, "నిజమేనండీ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను కనిపెట్టలేదని చెప్పబోయాను. కనిపెట్టింది నలుగురం, నేను నాలుగోదాన్ని, నా వంతు కడగడం. కానీ ఈ వయసులో ఆ సవరణ వినయంలా వినిపిస్తుంది, వినయం అని పొరబడితే నాకు కంపరం, అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త కాదు.

మూడు వారాల క్రితం తోలు చెక్కే కత్తి జారింది. నా చెల్లెలు పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే పని, కుట్టేటప్పుడు దారం బిగువును చూపుడువేలితోనూ బొటనవేలితోనూ తెలుసుకుంటుంది, కళ్ళతో కాదు. బిగువు ఒక్క కుట్టులో తేడా వచ్చినా పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఒకపక్కకు ఒరుగుతుందట. కత్తి మణికట్టులో దిగి నరాన్ని తెంపింది, తెగిన రెండు కొసలూ వెనక్కి ముడుచుకున్నాయి, మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడివేలు, ఆ మూడింటికీ సూది గుచ్చితే రక్తం వస్తుంది గాని నొప్పి రాదు. ఖాళీని పూడ్చడానికి రెండు దారులున్నాయని చేతుల డాక్టరు చెప్పింది. ఒకటి, కాలి పిక్కలోంచి ఆమె సొంత నరమే కొంత తీసి ఇక్కడ అతకడం. అది పాత పద్ధతి, పనిచేస్తుంది, కాని పాదం బయటి అంచు జన్మంతా మొద్దుబారి ఉంటుంది. రెండు, విద్యుత్తును పోనిచ్చే ప్లాస్టిక్ పొరను చుట్టి చేసిన గొట్టాన్ని ఖాళీలో పెట్టడం. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆ గొట్టంలోంచి పాకుతుంది, సన్నటి కరెంటు దానికి దారి చూపిస్తుంది. "నేను రోజంతా నిలబడి పనిచేసేదాన్ని, నా కాలు ముట్టుకోవద్దు, మా అక్క గొట్టమే పెట్టండి" అంది చెల్లెలు, హోటల్లో వంటకం చెప్పినంత దర్జాగా.

ఇంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. పదవీ విరమణ చేసి పదకొండేళ్ళయింది. ఏదో కంపెనీ మా పద్ధతి ప్రకారమే గొట్టాలు చేస్తోందని విన్నాను, సంతోషించాను కూడా. ఏడూ ముప్ఫై రెండుకు చెల్లెలు గౌను మడతలో దాచుకున్న కరపత్రాన్ని తీసి నా ఒళ్ళో పడేసింది, "చూడు, నీ పేరు వెనక పేజీలో ఉంది, చీమ తలకాయంత" అని. నున్నటి కాగితం, పట్టుకుంటే వేళ్ళకు జిడ్డు తగిలినట్టుండే రకం. ముందు అట్టమీద ఒక చెయ్యి మరో చేతిని అందుకుంటోంది, రెండింటికీ మడతలు లేవు, గీతలు లేవు, ఉడకబెట్టి తొక్కతీసినట్టున్నాయి. మూడో పేజీలో మా పట్టిక. ఇరవై ఏడేళ్ళ క్రితం మేము అచ్చువేసిన పట్టికే, రంగులద్ది, నాలుగో వరుస చుట్టూ బంగారు గీత గీసి పెట్టారు. వాహకత ముప్ఫై ఎనిమిది. కణాల మనుగడ తొంభై నాలుగు శాతం. దాని కింద, తయారీ వివరాల్లో, చిన్న అక్షరాల్లో: శుద్ధజలంలో ఇరవై నాలుగు గంటలు కడిగినది.

ఇరవై నాలుగు గంటలు. మొదట అచ్చుతప్పు అనుకున్నాను. మనిషి తన మంచికోసం నమ్మదలచుకున్నది అచ్చుతప్పుల్లోనే దాక్కుంటుంది. రెండోసారి చదివాక అచ్చుతప్పు కాదని తెలిసింది, ఎందుకంటే కడగడం ఒక్కరోజుతో ఆపితేనే వాహకత ఆ ముప్ఫై ఎనిమిదికి దగ్గరగా నిలబడుతుంది. ఏడు రోజులు కడిగిన పొరకు తొమ్మిది. తొమ్మిది అని ఈ లోకంలో ఇప్పుడు ఎందరికి తెలుసు? మా నలుగురిలో పెద్దాయన పోయాడు, కొలతలాయన పోయాడు, పొరమీద కణాలు పెంచి ఎన్ని బతికాయో లెక్కపెట్టే కణాల గది అమ్మాయికి ఎప్పుడూ తెలియదు. నాకు తెలుసు. టక్కు. పక్క కుర్చీలోంచి ఇంకో నెలవంక.

ఆ ప్రయోగశాల నేలమాళిగలో ఉండేది, కిటికీలు నేలమట్టానికి, అందులోంచి నడిచిపోయేవాళ్ళ చెప్పులు మాత్రమే కనిపించేవి. మనుషులను మడమలను బట్టి గుర్తుపట్టేవాళ్ళం. ముడిద్రవం సీసా తెచ్చిన రోజు నీళ్ళలా తేటగా ఉంటుంది, వారం పోతే పసుపు, నెలకు టీ డికాషను, ఆ తరవాత తారు. మూత తీస్తే వచ్చే వాసన బట్టల్లోకి, జుట్టులోకి, అన్నం తినే చేతి గోళ్ళలోకి దిగేది. "కొత్త కారులో ఎలుక చచ్చినట్టుంది నీ దగ్గర" అని ఇదే చెల్లెలు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి తువ్వాలు విసిరేది. ఆ ద్రవంలో ఇనుపలవణం కలిపితే నల్లగా, నిగనిగలాడుతూ పొర కడుతుంది. ప్లాస్టిక్కే, కాని కరెంటు పోనిస్తుంది. ఆ నలుపు చూసి మొదటిరోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందం అనుకున్నాను. అందం అడుగున మడ్డి ఉంటుందని మూడోరోజు తెలిసింది. కలిసిపోకుండా మిగిలిన ఇనుము, సగం తయారై ఆగిపోయిన ముక్కలు, సబ్బులాంటి ఒక జిగట, అన్నీ పొర లోపల ఇరుక్కుని ఉంటాయి, నీళ్ళలో వేస్తే పసుపుపచ్చగా దిగుతాయి. ఎనిమిది గంటలకొకసారి నీళ్ళు మార్చాలి, రోజుకు మూడుసార్లు. ఆరో రోజుకు పసుపు కంటికి కనిపించదు, ఏడో రోజు పరీక్షకు కూడా అందదు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. "బియ్యానికి మూడు నీళ్ళు చాలు, మన మేడమ్‌కి మాత్రం ఇరవై ఒకటి పొయ్యాలి" అని కొలతలాయన వెక్కిరించేవాడు, చివరికి అదే నా పేరై కూచుంది, ఇరవై ఒక్క నీళ్ళ మేడమ్.

కొలతలాయన అంటే నాలుగు సూదుల యంత్రంతో పొర ఎంత కరెంటును పోనిస్తుందో కొలిచేవాడు. ఆ యంత్రం బల్లమీదే బిస్కెట్లు తినేవాడు, పొడిని అరచేత్తో ఊడ్చి అదే చేత్తో నా పొరను పట్టుకునేవాడు. కడిగిన పొర అతనికి నచ్చేది కాదు, ఎందుకంటే కడుగుతున్నకొద్దీ మడ్డితోబాటు కరెంటును మోసే లవణం కూడా కొంత పోతుంది, అంకె పడిపోతుంది. "వేడివేడిగా ఉన్నప్పుడే రుచి మేడమ్. మీరు కడిగి కడిగి చప్పగా చేసి పంపితే నేనేం కొలవను, నా తలకాయా?" అందుకని ఒక అలవాటు ఏర్పడింది, ఎవరూ ఏర్పరచలేదు, దానంతట అదే ఏర్పడింది, మురికికాలువలో పాచిలా. సోమవారం పొర కట్టగానే ఒక ముక్క కోసి కొలతలాయనకు ఇచ్చేదాన్ని. మిగతాది ఏడు రోజులు కడిగి మరుసటి సోమవారం కణాల గదికి పంపేదాన్ని. రెండు ముక్కలమీదా ఒకటే బ్యాచి సంఖ్య రాసేదాన్ని, ఎందుకంటే బ్యాచి ఒకటే. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఒక్కచోట కూడా లేదు. రెండేళ్ళు అలా సాగింది. వ్యాసం రాసేరోజు పెద్దాయన సంఖ్యలవారీగా పట్టిక గీశాడు, నాలుగో బ్యాచి, ఇక్కడ వాహకత, అక్కడ కణాల మనుగడ, ఒకే వరుస. కడగని పొర కరెంటు, కడిగిన పొర కణాలు. ఆ రెండు గుణాలూ కలిసి ఉన్న పొర ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టలేదు.

అచ్చు ప్రతులు దిద్దడానికి వచ్చిన రోజు గమనించాను. పెద్దాయన గదికి వెళ్ళాను. ఆయన దగ్గుబిళ్ళ చప్పరిస్తున్నాడు, ఎప్పుడూ ఏదో ఒకటి చప్పరించేవాడు, మాట్లాడేముందు దాన్ని నాలుకతో ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చేవాడు, పళ్ళకు తగిలి చప్పుడయ్యేది. ఆ చప్పుడు నాకు ఇప్పుడూ వినిపిస్తుంది, గోళ్ళ కత్తెర చప్పుడూ అదీ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"బ్యాచి ఒకటే కదమ్మా. ఒక తల్లి పిల్లలు. ఒకరి ఎత్తు, ఇంకొకరి బరువు రాసుకున్నాం. కొంపలు మునిగిపోతాయా?"

"సార్, కడగకుండా కణాలు వేస్తే సగం చచ్చిపోతాయి. నేను చూశాను."

"కడగొద్దని ఎవరన్నారు? పద్ధతిలో కడగమనే రాశాం కదా. ఇదిగో." నేను రాసిన వాక్యం, ఏడు రోజులు, ఇరవై ఒక్కసార్లు నీరు మార్చి, అన్న దాన్ని ఆకుపచ్చ సిరాతో కొట్టేసి, పైన ఆయన రాసింది: నీటితో బాగా కడిగి. "పత్రికవాళ్ళు పేజీలు తగ్గించమన్నారమ్మా. అయినా ఈ నెలాఖరుకు నీ ప్రమోషను ఫైలు పైకి వెళ్తోంది, గుర్తుందా? ఈ వ్యాసం లేకపోతే అందులో ఏముంది?"

ఇరవై ఒక్కసార్లు నీళ్ళు మార్చిన మనిషిని, ఆయన ముందు నీళ్ళు నమిలాను. ఆయనకు భయపడి కాదు, ఫైలు గుర్తుంది. కారణాలను ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోవడం నా వృత్తి, కనుక ఇప్పుడు ఈ కుర్చీలో పేర్చుకుంటున్నాను: నా ఫైలువల్ల నా మౌనం, నా మౌనంవల్ల నాలుగో వరుస, నాలుగో వరుసవల్ల కంపెనీ ఆశ, ఆ ఆశకు తగ్గట్టు "బాగా" అన్నదానికి వాళ్ళు చెప్పుకున్న అర్థం ఇరవై నాలుగు గంటలు. వాళ్ళు పరీక్షలు చేసే ఉంటారు, చేయకుండా అమ్మనివ్వరు. కాని ఆ పరీక్షలు నాలుగేసి వారాలవి, కరపత్రంలోనే రాసుకున్నారు. చుట్టి చుట్టి మందంగా చేసిన గొట్టం లోపలి పొరల్లోంచి మడ్డి దిగడానికి నెలలు పడుతుంది, రోజుకు ఒక మిల్లీమీటరు పాకే నరం వేలికొనలదాకా చేరడానికీ నెలలే పడుతుంది, ఆ నెలలన్నీ దాని మధ్యభాగం ఆ గొట్టంలోనే ఉంటుంది. పసుపుపచ్చటి నీళ్ళలో, గుడ్డిగా, దారి తడుముకుంటూ. నా చెల్లెలి మణికట్టులో. నా మీద నాకు పుట్టిన రోత కూడా ఒక వాసనే, దానికి మాత్రం ఏ పేరూ పెట్టి పిలవలేకపోయాను.

"అయ్యో, రక్తం!" అంది చెల్లెలు.

పక్క కుర్చీ మనిషి చూపుడువేలి గోరును మాంసందాకా కత్తిరించేశాడు. రక్తం చుక్కలు చుక్కలుగా అతని ఆకుపచ్చ గౌనుమీద పడుతోంది, అతను మాత్రం కత్తెరను తరవాతి వేలికి పెడుతున్నాడు. చెల్లెలు అరిచాకే తల వంచి చూసుకున్నాడు, చూసి నవ్వాడు.

"తెలీలేదమ్మా. ఈ మూడు వేళ్ళూ ఇప్పుడు నావి కాదు, అద్దెకున్నాయి. కోత ముందు గోళ్ళు కత్తిరించుకు రమ్మన్నారు, ఇంట్లో మర్చిపోయాను."

ఆ నవ్వు, ఆ రక్తం, నేలమీద ఆ నెలవంకలు, నాకు ఒళ్ళు జలదరించింది, అయినా సంచీలోంచి చేతిరుమాలు తీసి ఇచ్చాను, రెండువేళ్ళతో, తిరిగి ఇవ్వవద్దని అర్థమయ్యేలా. అతను లిఫ్టు మెకానిక్కు అట. పుల్లీ అంచు తగిలి అరచెయ్యి చీలిందట. చెల్లెలు అప్పుడే అతనితో వరస కలిపేసింది.

"మరి నీకేం పెడుతున్నారు తమ్ముడూ?"

"నాకేముందక్కా, కాల్లోంచి తీసి చేతికి అతుకుతారంట. గొట్టం ఒక్కటే వచ్చిందంట ఈ నెల, అది మీకు రాసేశారు. మీరు ముందొచ్చారు."

"మా అక్కది మరి. ఇంటి సరుకు."

"అదృష్టం అంటే మీది. నాకు నిచ్చెన మీద పాదం ఆనింది ఆననిది తెలియాలి కదా. డాక్టరమ్మ పర్వాలేదు అంది, అలవాటవుద్దంట."

ఎనిమిదీ అయిదుకు చేతుల డాక్టరు వచ్చింది. చిన్నపిల్ల, నా లెక్కలో ముప్ఫై అయిదు దాటలేదు, వేళ్ళు సన్నగా, పొడుగ్గా, ఎక్కడా తొందర లేకుండా. చెల్లెలిని పలకరించి, నా ముందు, పెద్దల ముందు నిలబడినట్టు కాస్త ఒంగి నిలబడింది.

"మేడమ్, మీరొస్తారని తెలిస్తే మా క్లాసు పిల్లలందర్నీ తీసుకొచ్చేదాన్ని. మీ నాలుగో వరుస నాకు ఇప్పటికీ కంఠతా వచ్చండి. ముప్ఫై ఎనిమిది, తొంభై నాలుగు. అది చదివే నేను ఈ లైన్లోకి వచ్చాను."

చెప్పవలసిన వాక్యం నాకు తెలుసు. వాహకత కడగని ముక్కది, మనుగడ కడిగిన ముక్కది. పది పదాలు లేవు. తేలు కుట్టిన దొంగలా కూర్చోనక్కరలేదు, నోరు తెరిస్తే చాలు. నోరు తెరిచాను. ఆ పిల్ల మొహంలో ఎదురుచూపు ఉంది, పొగడ్తకు పెద్దవాళ్ళు ఏమంటారో వినాలనే ఎదురుచూపు; నా పక్కన చెల్లెలు గర్వంతో ఉబ్బి కూర్చుంది, దాని ఉబ్బు నా భుజానికి వెచ్చగా తగులుతోంది; ఇరవై ఏడేళ్ళ నా గౌరవం, నా పింఛను కాగితాలమీది హోదా, నాకు నేను చెప్పుకునే ఇరవై ఒక్క నీళ్ళ మేడమ్ అన్న మురిపెం, అన్నీ ఆ పది పదాలకు అవతల ఒడ్డున నిలబడి నన్ను చూస్తున్నాయి. కాని దీని చెయ్యి. దారం బిగువు తెలియని చేత్తో ఇది ఎలా బతుకుతుంది? ఇంతకాలం పసుపు నీళ్ళలోకి చూసిన కళ్ళతో ఇంకో దారి వెతికాను, దొరికింది. కంపరం పుట్టించే దారులు ఎప్పుడూ త్వరగానే దొరుకుతాయి.

"దీనికి గొట్టం వద్దమ్మా," అన్నాను. "సొంత నరమే పెట్టండి."

"అక్కా!"

"మీరే ఇలా అంటే ఎలా మేడమ్?"

"మా ఇంట్లో వాళ్ళ ఒంటికి పరాయి వస్తువు పడదు. మా అమ్మకు పన్ను కట్టిస్తే వారంలో దవడంతా పుండై పోయింది. ఆ పోలిక దీనికే వచ్చింది."

"అమ్మకా? ఎప్పుడే?" అంది చెల్లెలు.

"నువ్వు చిన్నదానివి. నీకు తెలీదు."

మా అమ్మ పోయేనాటికి పళ్ళన్నీ సొంతవే. కాని మా ఇద్దరికీ తొమ్మిదేళ్ళ తేడా. ఆ తొమ్మిదేళ్ళకూ సాక్షిని నేనొక్కదాన్నే, మా ఇంట్లో తేదీలు, జ్వరాలు, ఎవరు ఏ అర్ధరాత్రి పుట్టారు, అన్నీ నన్నే అడుగుతారు, నేను చెప్పింది రాతిమీద గీత. ఆ నమ్మకాన్ని ఇంతకుముందు ఎన్నడూ వాడుకోలేదు. చెల్లెలు నా మొహంలోకి చూసింది, చూసి, ఉబ్బు దిగిపోయింది.

"నా పాదం సంగతేంటే మరి?"

"అలవాటవుతుంది."

"నీది కాదుగా, అలవాటవుతుంది!" అంది. తరవాత డాక్టరుతో, చిన్నగా, "సరే, మా అక్క చెప్పింది కదా. అలాగే కానివ్వండి" అంది. ఎడమచేత్తో కొత్త కాగితంమీద సంతకం గీసింది, బడిలో చేరిన పిల్ల గీసినట్టు వంకరగా. దాని కింద దగ్గరి బంధువు అన్నచోట నేను చేశాను, నా సంతకం ఎప్పటిలాగే తీర్చిదిద్దినట్టు వచ్చింది. ఆ నిమిషంలో నాకు కలిగింది ఊరటేనని ఒప్పుకోవాలి. ఊపిరి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళింది. నిమ్మ మందు వాసన కూడా బాగానే ఉందనిపించింది.

డాక్టరు కాగితాలు సర్దుకుని, గోళ్ళ కత్తెర జేబులో పెట్టుకుంటున్న మనిషి వైపు తిరిగింది.

"మీ పంట పండింది అన్నగారూ. గొట్టం మీకు పెట్టేస్తాం. సైజు కూడా సరిపోతుంది. మీ కాలు జోలికి వెళ్ళక్కర్లేదు."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తరవాత లేచి నిలబడ్డాడు, అంత పెద్ద మనిషి, గౌను వెనక ముళ్ళు ఊడిపోయి, నా చేతిరుమాలు చుట్టిన చేత్తోనే నాకు దండం పెట్టాడు.

"మీ పుణ్యం అమ్మా. నిచ్చెనెక్కే పాదం నిలబెట్టారు. మా ఆవిడకి చెబితే ఏడుస్తది."

గడియారంలో ఎనిమిదీ పంతొమ్మిది. ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. పది పదాలకు పదకొండు నిమిషాలు చాలవా? ఇప్పుడు మాత్రం ఆ పది పదాల ముందు ఇంకో వాక్యం చెప్పాలి, మా అమ్మ పన్ను అబద్ధమని. అది చెల్లెలు వింటుండగా చెప్పాలి. చెల్లెలికి అబద్ధం చెప్పింది దాని చేతికోసం అని వివరించాలి. అంటే గొట్టం సంగతి నాకు తెలిసీ దాన్నొక్కదాన్నే తప్పించానని ఈ పిల్ల డాక్టరు ముందు, ఈ లావాటి మనిషి ముందు ఒప్పుకోవాలి. ఇరవై ఏడేళ్ళ క్రితంది పొరపాటని ఎవరైనా అనవచ్చు, అలవాటు అనవచ్చు, బ్యాచి ఒకటే అనవచ్చు. పది నిమిషాల క్రితంది మాత్రం ఏమనాలి? మొదటిది ఒప్పుకోవడం రెండోదానివల్ల అసాధ్యమైంది. రెండోదాన్ని చేసింది మొదటిది ఒప్పుకోకుండా ఉండడానికే. ఎంత శుభ్రమైన తర్కం. ఒక్క చుక్క పసుపు లేదు. గొంతు సవరించుకున్నాను. అతను మళ్ళీ కూర్చుని, వంగి, కుర్చీల కిందినుంచి తన గోటి ముక్కలను ఒక్కొక్కటే ఎడమచేత్తో ఏరుతున్నాడు. "మీకు అసహ్యంగా ఉందేమోనమ్మా, ఇందాకట్నించీ మీ మొహం చూస్తున్నాను, ఏమనుకోకండి" అంటున్నాడు. ఏరినవాటిని అరచేతిలో పోసుకుని, చెత్తబుట్ట ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. నా చెప్పుమీద పడ్డ ముక్క ఇంకా అక్కడే ఉంది. అతను దాన్ని కూడా తీశాడు, నా కాలికి వేలు తగలకుండా, ఎంతో జాగ్రత్తగా.

"ఏంటక్కా, ఏదో అనబోయావు?" అంది చెల్లెలు.

"ఏమీ లేదు. టైమెంతైంది?"

"ఎదురుగా గడియారం పెట్టుకుని నన్నడుగుతావేంటే."

ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి ఇద్దరికీ చక్రాల మంచాలు వచ్చాయి. ముందు చెల్లెలు వెళ్ళింది, తలుపు దాకా నావైపు చూడలేదు, తలుపు దగ్గర మాత్రం ఎడమచెయ్యి ఎత్తి ముక్కు పట్టుకుని నన్ను వెక్కిరించింది. వెనకే లిఫ్టు మెకానిక్కు. అతని మంచం నా ముందునుంచి పోతున్నప్పుడు నర్సు అతని కాళ్ళ దగ్గర పెట్టిన తెల్లటి డబ్బా కనిపించింది, అందులో కిటికీలాంటి పారదర్శకమైన మూత వెనక, నల్లగా, నిగనిగలాడుతూ, బొటనవేలి కణుపంత పొడవున, నేను మొదటిరోజు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న నలుపు. తలుపులు మూసుకున్నాయి. బయట తుంపర ఆగలేదు. నేను యంత్రం దగ్గరికి వెళ్ళి ఒక కాఫీ తీసుకుని, వాసన చూసి, తాగకుండా పారబోశాను.

పదకొండు నెలలకు నా చెల్లెలి చూపుడువేలికి దారం తెలిసింది; ఎడమపాదం బయటి అంచు మొద్దుబారిపోయింది, చెప్పు జారిపోయినా పదడుగులు పోయాకగాని తెలియదు, తెలిసినప్పుడల్లా మా అమ్మ పన్నును తిడుతుంది. ఆరేళ్ళ తరువాత కంపెనీ ఆ గొట్టాలను వెనక్కి తీసుకుంది. కారణం కింద, పూర్తిగా కడగకపోవడంవల్ల మిగిలిన పదార్థాలు అని రాశారు, మా పట్టికను ఎవరూ తప్పుపట్టలేదు, నాలుగో వరుస ఇప్పటికీ అలాగే ఉంది. లిఫ్టు మెకానిక్కుకు ఆ గొట్టాన్ని మూడో ఏటనే తీసేశారు, దానితోబాటు చచ్చిపోయిన నరాన్ని కూడా. ఇప్పుడు అదే ఆసుపత్రి లిఫ్టులో స్టూలుమీద కూర్చుని, ఎడమచేత్తో అంతస్తుల మీటలు నొక్కుతాడు.